కలంపేరును కలంపేరుగానే ఉంచండి: తెలుగు పుస్తకాలకు కేటలాగు రాసేవారికి బహిరంగ లేఖ

జిల్లా, శాఖా గ్రంథాలయాల్లోనూ కాలేజీ లైబ్రరీల్లోనూ తెలుగు పుస్తకాలకు కేటలాగు రాస్తున్న గ్రంథపాలకులకు, పాత రచనలను మళ్లీ అచ్చు వేస్తున్న ప్రచురణకర్తలకు, పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ అందిస్తున్న మిత్రులకు

నమస్కారం.

ఆరుద్ర పుస్తకాలు ఒక మోస్తరు పెద్ద లైబ్రరీలో ఎన్ని అలమరల్లో ఉంటాయో ఒకసారి లెక్క వేయండి. డ్యూయీ వర్గీకరణ (విషయాన్నిబట్టి పుస్తకాలకు అంకెలిచ్చే పద్ధతి) వాడే చోట తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన 1 పెడితే కవిత్వం, 2 పెడితే నాటకం, 3 పెడితే నవల, కథ, 4 పెడితే వ్యాసం. 1949 నాటి ‘త్వమేవాహం’, ఆ తర్వాతి ‘కూనలమ్మ పదాలు’ 894.8271లోకి పోతాయి. రూపకాలు 894.8272లోకి. డిటెక్టివ్ నవలలు 894.8273లోకి. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సాహిత్య చరిత్ర కనక 894.82709లోకి. ఇవి చాలవన్నట్టు ఆయన చదరంగం మీద కూడా పుస్తకం రాశారు. అది 794.1లో, క్రికెట్, టెన్నిస్ పుస్తకాల పొరుగున కూర్చుంటుంది. ఒకే మనిషి కవిత్వానికీ చదరంగానికీ మధ్య వంద అంకెల పైనే ఎడం.

ఇందులో వర్గీకరణ తప్పేమీ లేదు. ఏ విషయం పుస్తకం ఆ విషయం దగ్గరే ఉండాలి. అయితే ఇన్ని అలమరల్లోకి చెదిరిపోయిన పుస్తకాలను ఒక్కచోటికి లాక్కొచ్చే పని కేటలాగులోని రచయిత శీర్షికది, అంటే పుస్తకం ఏ పేరు కింద చేరుతుందో ఆ పేరుది. ఆ శీర్షిక ఒక పుస్తకానికి ‘ఆరుద్ర’ అని, ఇంకోదానికి ‘భాగవతుల సదాశివ శంకర శాస్త్రి’ అని, మూడోదానికి ‘శాస్త్రి, బి.ఎస్.ఎస్.’ అని, నాలుగోదానికి ఎవరో తొందరలో కొట్టిన ‘అరుద్ర’ అని ఉంటే ఆ రచయిత నలుగురైపోతాడు. ‘ఆరుద్ర’ అని వెతికిన పాఠకుడికి నాలుగో వంతే కనబడుతుంది. మిగతావి మీ దగ్గర లేవనుకుని అతను వెళ్లిపోతాడు. బయటికి పోని పుస్తకాన్ని నాలుగేళ్ల తర్వాత ఎవరూ చదవడం లేదని పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు చాలాచోట్ల అమల్లో ఉన్న అలవాటు ఒకటుంది: కలంపేరు కనబడగానే ‘అసలు పేరు’ వెతికి పట్టుకుని దాన్నే శీర్షిక చేయడం. శ్రద్ధతో చేస్తున్న పనే, కాదనం. ఎక్కడో ఒక జాబితాలో ‘(అసలు పేరు: ...)’ అని చూసి కేటలాగంతా దానికి తగ్గట్టు మారుస్తారు. దీనివల్ల మూడు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది, పాఠకుడికి తెలిసిన పేరు మాయమైపోతుంది. వడ్డెర చండీదాస్ నవల కోసం వచ్చినవాడు చెరుకూరి సుబ్రహ్మణ్యేశ్వరరావు అని అడగడు. బుచ్చిబాబు కోసం వచ్చినవాడు శివరాజు వెంకట సుబ్బారావు అని అడగడు.

రెండోది, అసలు పేరు అనుకున్నంత గట్టిదేమీ కాదు. ఆరుద్ర అసలు పేరే తీసుకోండి. కొన్నిచోట్ల ‘సదాశివ శంకర శాస్త్రి’, కొన్నిచోట్ల ‘శివశంకర శాస్త్రి’. రెండోది పెట్టారంటే ఆయన పుస్తకాలు సాహితీ సమితికి చెందిన తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి పుస్తకాల పక్కకు చేరతాయి. ఆ తల్లావజ్ఝల వారు తర్వాత సన్యసించి శివశంకరస్వామి అయ్యారు కనక ఆయనకు ఇంకో రెండు రూపాలు ఎలాగూ తోడవుతాయి. పోనీ ఇంటిపేరు చూసుకుందామంటే, బీనాదేవి అన్న కలంపేరు వెనక ఉన్న నరసింగరావు గారు కూడా భాగవతుల వారే. కలంపేర్లు ‘ఆరుద్ర’, ‘బీనాదేవి’ ఎప్పటికీ కలవవు. అసలు పేర్లకు మారిస్తే రెండూ ఒకే డ్రాయరులో పడతాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. దిగంబర కవులు 1965లో మొదటి సంపుటి తెచ్చినప్పుడు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అన్న పేర్లు అలంకారానికి పెట్టుకోలేదు. కులం చెప్పే పాత పేర్లను విడిచిపెట్టి పెట్టుకున్నవి అవి. చెరబండరాజు కవిత్వంతో పాటు నవలలూ రాశారు. ఆయన పుస్తకాల మీద ‘రెడ్డి, బద్దం భాస్కర’ అని శీర్షిక వేస్తే ఆయన వదిలేసిన తోకను మనం వెతికి తెచ్చి మళ్లీ తగిలించినట్టు. నిఖిలేశ్వర్‌ను ‘రెడ్డి’ కింద, జ్వాలాముఖిని ‘ఆచార్యులు’ కింద పెట్టినా అంతే. కేటలాగు తటస్థంగా ఉండాలని మనమే అంటాం. తటస్థత అంటే రచయిత పుస్తకం మీద వేసుకున్న పేరును అలాగే తీసుకోవడం.

అలాగని అసలు పేరు పారేయమని మేం చెప్పడం లేదు. దాని చోటు వేరు. అది ‘చూడుము’ అన్న దారి చూపే చీటీలో ఉండాలి. కార్డుల కాలంలో ఇది అందరికీ తెలిసిన పనే: ‘భాగవతుల సదాశివ శంకర శాస్త్రి — చూ. ఆరుద్ర’ అని ఒక విడి కార్డు రాసి భకారం డ్రాయరులో పెట్టేవారు. కంప్యూటరు వచ్చాక ఆ కార్డు రాసే అలవాటు పోయింది. పుస్తకం రికార్డు ఒక్కటే మిగిలింది. అసలు తేడా వచ్చింది అక్కడే.

మార్క్ పద్ధతిలో (కంప్యూటరు కేటలాగులో వివరాలను నంబర్ల వరసల్లో రాసే పద్ధతి) దీనికి వేరే రికార్డు ఉంది. అది పుస్తకానిది కాదు, పేరుది. ఆంగ్లంలో అథారిటీ రికార్డు అంటారు, మనం ‘ప్రామాణిక నామ పత్రం’ అనుకుందాం. ఆరుద్రకు అది ఇలా ఉండాలి:

100 (మొదటి సూచిక 0): ఆరుద్ర, 1925-1998
400: భాగవతుల సదాశివ శంకర శాస్త్రి
400: భాగవతుల శివశంకర శాస్త్రి
400: శాస్త్రి, భాగవతుల సదాశివ శంకర
400: అరుద్ర
670: ఏ పుస్తకం టైటిల్ పేజీ చూసి ఈ పేరు తీసుకున్నారో ఆ పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం

100 అంటే మనం ఎంచుకున్న శీర్షిక. 400 అంటే ‘ఇలా వెతికినా అక్కడికే పంపు’ అని. 670 అంటే ఆధారం. ఆధారం రాయని రికార్డును ఆర్నెల్ల తర్వాత వచ్చిన ఇంకో ఉద్యోగి తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తాడు, అడ్డుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. తప్పు వర్ణక్రమాన్ని కూడా 400లో ఎక్కించడం వింతగా ఉండొచ్చు. జనం ఎలా కొడతారో దాన్నిబట్టే దారి వేయాలి కదా.

ఆ ‘మొదటి సూచిక 0’ దగ్గర ఒక నిమిషం ఆగండి. ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. 0 అంటే ఈ పేరును ఉన్నది ఉన్నట్టు చదవాలని, 1 అంటే కామాకు ముందున్నది ఇంటిపేరని. పాశ్చాత్య పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది, మనకు ముందే ఉంటుంది. శ్రీరంగం శ్రీనివాసరావు అన్న పేరులో ఇంటిపేరు ‘శ్రీరంగం’. సాఫ్ట్‌వేరు చివరి మాటే ఇంటిపేరనుకుని ‘రావు, శ్రీరంగం శ్రీనివాస’ అని తిప్పేస్తుంది. ఒక్క రకారం కింద రావులు, రెడ్లు, రాజులు వందలకొద్దీ పోగుపడటానికి కారణం ఇదే. కలంపేర్లలో ఈ తిప్పుడు ఇంకా అన్యాయం. ‘వడ్డెర చండీదాస్’లో వడ్డెర చూడ్డానికి ఇంటిపేరులా ఉంటుంది, నిజానికి అది కలంపేరులో భాగమే. ‘అంపశయ్య నవీన్’లో అంపశయ్య ఆయన నవల పేరు, అదే ఇంటిపేరులా స్థిరపడిపోయింది. రెండింటికీ సూచిక 0 వేసి తిన్నగా రాయండి. నవీన్‌కు 400లో ‘నవీన్, అంపశయ్య’, ‘దొంగరి మల్లయ్య’ పెట్టండి. ఉత్త ‘నవీన్’ను మాత్రం 400లో పెట్టొద్దు. ఆ పేరున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అందరూ ఆయన ఖాతాలో పడిపోతారు.

పేరు పక్కన పుట్టిన సంవత్సరం ఎందుకో ‘శారద’ను చూస్తే తెలుస్తుంది. తెనాలి హోటళ్లలో సర్వరుగా పనిచేసి, 1955లో చిన్న వయసులోనే పోయిన నవలాకారుడు ఎస్. నటరాజన్ కలంపేరు ‘శారద’. ఆయన మాతృభాష తమిళం. శారద అన్న పేరుతో రాసిన, రాస్తున్న స్త్రీలు వేరే ఉన్నారు. సంవత్సరాలు లేని ‘శారద’ శీర్షిక కింద వీళ్లందరినీ పోస్తే ఒకే రచయిత్రి డెబ్బై ఏళ్లు రాసినట్టు కనిపిస్తుంది. ‘శారద (నటరాజన్), 1924-1955’ అని రాస్తే పని తీరిపోతుంది. ‘లత’కు కూడా ఇదే చేయాలి. తెన్నేటి హేమలత ఒక్క మాటతో రాశారు. ఒక్క మాట కలంపేరు కనబడితే సంవత్సరం లేకుండా శీర్షిక వేయొద్దు.

దీనికి తలకిందుల తప్పు కూడా జరుగుతుంది. ఒకరిని నలుగురిగా చీల్చడం ఒక రకం, ఇద్దరిని ఒకరిగా కలపడం ఇంకో రకం. ‘దాశరథి’ అన్న ఒక్క మాట కింద తిమిరంతో సమరం చేసిన కవి కృష్ణమాచార్యనూ నవలలు రాసిన తమ్ముడు రంగాచార్యనూ కలిపేస్తే, లోకంలో లేని ఒక బహుముఖ ప్రజ్ఞాశాలి పుడతాడు. కవి, నవలాకారుడు, రెండు చేతులా రాసినవాడు! విద్యార్థి ఎవరైనా మీ కేటలాగు చూసి అది సెమినార్ పేపర్లో రాసేస్తాడు కూడా. ‘దాశరథి కృష్ణమాచార్య, 1925-1987’, ‘దాశరథి రంగాచార్య, 1928-2015’ అని విడిగా ఉంచి, ఉత్త ‘దాశరథి’ అన్న మాటను మొదటివారి 400లో పెట్టి, రెండోవారి 500లో మొదటివారి శీర్షిక చూపిస్తే సరి. 500 అంటే ‘ఇది కూడా చూడండి’.

కోలన్ వర్గీకరణ ఇంకా వాడుతున్న లైబ్రరీలకు ఒక చిన్న మాట. ఆ పద్ధతిని తయారుచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు సాహిత్యంలో రచయితకు పేరు బదులు పుట్టిన సంవత్సరమే గుర్తుగా పెట్టారు. తెలుగు ఓ35, కవిత్వం 1, 1900 నుంచి 1999 దాకా ఏళ్లకు ‘ఎన్’. 1925లో పుట్టిన కవి ఓ35,1ఎన్25. పేరు మారినా ఈ అంకె మారదు కనక కలంపేర్ల గొడవే ఉండదు, ఎంత తెలివైన ఏర్పాటు! కానీ ఆరుద్రా దాశరథి కృష్ణమాచార్యా ఇద్దరూ 1925లోనే పుట్టారు, ఇద్దరూ కవులే. ఇద్దరి పుస్తకాల వెన్ను మీదా ఒకే లేబుల్ పడుతుంది. పక్కన పేరు మొదటి అక్షరం కలిపి విడదీయకపోతే ‘కూనలమ్మ పదాలు’ వెతికినవాడి చేతికి దాశరథి గారి రుబాయీలు వస్తాయి. డ్యూయీ వాడేచోట వెన్ను లేబుల్‌కు శీర్షికలోని మొదటి అక్షరాలే ఆధారం. అంటే శీర్షిక మార్చినప్పుడల్లా లేబుళ్లు కూడా మార్చాలి. కంప్యూటర్లో మార్చి అలమరలో మార్చకుండా వదిలేసిన పుస్తకం, ఉండీ లేనట్టే.

కూనలమ్మ అన్నాం కనక ఇది కూడా చెప్పాలి. పద్యం చివర వచ్చే మకుటం, ముద్ర కలంపేరు కాదు. ఓ కూనలమ్మా అన్న మకుటం చూసి రచయిత గడిలో ‘కూనలమ్మ’ కొట్టడం, మువ్వగోపాల ముద్ర చూసి క్షేత్రయ్య పదాలకు మువ్వగోపాలుణ్ని కర్తగా చేయడం నవ్వుకునే తప్పులే, కానీ టైటిల్ పేజీ చిరిగిపోయిన ప్రతి చేతికొచ్చినప్పుడు జరుగుతాయి. చిరిగిన ప్రతికి కర్త తెలియకపోతే రచయిత శీర్షిక లేకుండా పుస్తకం పేరుతోనే ఎంట్రీ చేయండి.

జంట కలంపేరుకు లెక్క వేరు. బీనాదేవి అంటే భాగవతుల నరసింగరావు, బాలా త్రిపురసుందరమ్మ దంపతులు. పుస్తకం మీద ఉన్నది ఒక్క పేరు కనక పుస్తకం రికార్డులో 100 వరసలో ‘బీనాదేవి’ ఒక్కటే ఉండాలి. ఇద్దరికీ విడి నామ పత్రాలు తెరిచి, 500తో మూడు పత్రాలనూ కలపాలి. నరసింగరావు పేరు 400లో పెడితే, కలంపేరు ఆయన ఒక్కరిదే అని చెప్పినట్టవుతుంది, ఆవిడ వాటా పోతుంది. ఇలా జరగడం తెలుగులో మామూలైపోయింది, అందుకే గట్టిగా చెబుతున్నాం. జంటలో ఒకరు పోయాక రెండోవారు అదే పేరుతో రాస్తే కూడా శీర్షిక అదే. ఎవరు ఎంత రాశారో 667 అన్న సిబ్బంది నోట్‌లో రాసుకోండి, అది పాఠకుడికి కనబడదు.

పురుషుడు స్త్రీ పేరుతో రాసిన సందర్భాలు వారపత్రికల్లో కొల్లలు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసింది పురాణం సీత పేరుతో. ఇక్కడ రెండు పేర్లకూ విడి శీర్షికలు ఇచ్చి 500తో కలపాలా, ఒకటి చేయాలా? మా సలహా: ఒక పేరుకు ఒక స్వరం, ఒక రకం రచన అంటుకుని ఉంటే విడిగా ఉంచండి. ఆంగ్ల సూచీల్లో సెసిల్ డే లూయిస్‌ను అలాగే చేస్తారు. 1968 నుంచి 1972లో చనిపోయేదాకా బ్రిటన్ ఆస్థానకవి ఆయన. ఇంటి కప్పు కారుతుంటే మరమ్మతు డబ్బు కోసం డిటెక్టివ్ నవల మొదలుపెట్టి, 1935 నుంచి నికొలస్ బ్లేక్ పేరుతో ఇరవై నవలలు రాశారు. కవిత్వం చదివేవాళ్లు, డిటెక్టివ్ నవల చదివేవాళ్లు వేరు. రెండు శీర్షికలు, మధ్యలో ఒక 500. గణితానికి డాడ్జ్‌సన్, పిల్లల పుస్తకాలకు లూయిస్ కారల్ అన్నదీ ఇదే సూత్రం. ఆరుద్ర కవితకీ డిటెక్టివ్ నవలకీ పేరు మార్చలేదు కనక ఒకటే శీర్షిక. రచయిత చీల్చని చోట మనం చీల్చకూడదు, చీల్చిన చోట అతకకూడదు. వారపత్రికలో ఒకే సంచికలో తన రెండో రచన పడాలని అప్పటికప్పుడు పెట్టుకుని, ఒకటి రెండుసార్లు వాడి వదిలేసిన పేర్లకు మాత్రం ఇంత మర్యాద అక్కర్లేదు, 400 చాలు.

ఇక తెలుగు లిపి చేసే చిక్కులు. ‘శ్రీశ్రీ’ని ‘శ్రీ శ్రీ’ అని మధ్యలో ఖాళీతో కొడితే కంప్యూటరుకు అది వేరే పేరు. గౌరవ పదాలు తీసేయాలన్న నియమాన్ని గుడ్డిగా అమలు చేస్తే రెండు ‘శ్రీ’లూ పోయి రచయిత గడి ఖాళీ అవుతుంది. డా., ఆచార్య, మహాకవి లాంటివి తీసేయండి, ‘శ్రీశ్రీ’ని ముట్టుకోకండి. రెండో చిక్కు కంటికి కనబడదు. ‘నికొలస్‌కు’ అని రాసినప్పుడు పొల్లు తర్వాత అక్షరం కింద వత్తుగా దిగకుండా ఒక కనబడని గుర్తు వాడతాం. ఒకరు ఆ గుర్తు పెట్టి, మరొకరు పెట్టకుండా కొడితే రెండు పేర్లూ వెతుకులాటలో కలవవు. పాత ‘అను’ ఫాంట్లలో కొట్టి తర్వాత యూనికోడ్‌కు మార్చిన జాబితాల్లో ఇలాంటివి ఎక్కువ. కోహా అన్న లైబ్రరీ సాఫ్ట్‌వేరు వాడేవాళ్లు అందులో వెతికిపెట్టే జీబ్రా సూచీ పాత అక్షర పట్టికతో నడుస్తోందా, ఐసీయూ (యూనికోడ్) పద్ధతిలో నడుస్తోందా అని మీ సాంకేతిక మనిషిని అడగండి. మొదటిదైతే తెలుగు వెతుకులాట సరిగా పనిచేయదు, మీరెంత శ్రద్ధగా ఎంట్రీ చేసినా.

కోహాలోనే ఇంకొకటి. నామ పత్రం తయారుచేసినంత మాత్రాన పుస్తకాలు దానికి అంటుకోవు. పుస్తకం రికార్డు 100 వరసలో తొమ్మిదో నంబరు సబ్‌ఫీల్డులో ఆ పత్రం అంకె ఉండాలి. అది ఖాళీగా ఉంటే మీరు పత్రంలో పేరు సరిచేసినా పుస్తకాల్లో పాత పేరే కనబడుతుంది. ఎంట్రీ చేసేటప్పుడు పేరును చేత్తో కొట్టకుండా, పక్కనున్న చిన్న గుర్తు నొక్కి పత్రం నుంచి తెచ్చుకోవడం అలవాటు చేసుకుంటే చాలు. పాతవాటికి అన్నిటినీ ఒకేసారి కలిపే ప్రోగ్రాము ఉంది. దాన్ని ముందు ఉత్తుత్తిగా నడిపి చూసి, ఎన్ని కలిశాయో లెక్క సరిపోయాకే అసలుగా నడపండి. ‘శారద’ల సంగతి తేల్చకుండా నడిపితే ముందు చెప్పిన గందరగోళమే ఒక్క రాత్రిలో స్థిరపడిపోతుంది.

ప్రచురణకర్తలకు చెప్పవలసింది ముఖ్యంగా ముద్రణ వివరాలుండే రెండో పేజీ గురించి. పేరు వెనక మనిషి ఎవరో తెలియజేయడానికి, హక్కు ఎప్పటిదాకా ఉందో లెక్క వేయడానికి కేటలాగుకు దొరికే ఆధారం ఆ ఒక్క పేజీ. 1952లో అచ్చయిన నవలను మీరు మళ్లీ వేసి ‘మొదటి ముద్రణ’ అని ఈ ఏడాది వేస్తారు. మీ సంస్థలో మొదటిది కావచ్చు. చదివేవాడికి మాత్రం నవల ఈ ఏడాదిదే అవుతుంది. ఇందులో చట్టం చిక్కు కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కలంపేరుతో వచ్చిన రచనకు 23వ సెక్షన్: మొదటిసారి అచ్చయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. ఆ గడువు తీరకముందే రచయిత ఎవరో వెల్లడైతే మళ్లీ మరణం నుంచే లెక్క. వెల్లడి కావడం అంటే రచయితా ప్రచురణకర్తా ఇద్దరూ బహిరంగంగా చెప్పడం, లేదా రచయిత దాన్ని చట్టం చెప్పిన చోట రుజువు చేసుకోవడం. ఎవరో ఒక వ్యాసంలో ‘ఫలానా వారేనట’ అని రాస్తే సరిపోదు.

ఉదాహరణకు, ఎవరిదో తెలియని కలంపేరుతో 1970లో మొదటిసారి అచ్చయిన నవల 2030 చివరిదాకా హక్కులో ఉంటుంది. రచయిత ఎవరో వెల్లడై, ఆయన 1998లో పోయి ఉంటే 2058 చివరిదాకా. మధ్యలో 28 ఏళ్ల తేడా, రెండో పేజీ మీద ఒక్క వాక్యం వల్ల. పేరు లోకానికంతా తెలిసిన చోట లెక్క తేలిక: శారద 1955లో పోయారు కనక ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2016 జనవరి నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. బుచ్చిబాబు 1967లో పోయారు, 2027 చివరిదాకా ఆగాలి. శ్రీశ్రీకి 2043 చివరిదాకా. జంట రచయితలకు ఇద్దరిలో ఆఖరున పోయినవారి మరణమే లెక్క. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన వాటికి ఆ తొలి ముద్రణ ఏడాది నుంచే లెక్క. స్కాన్ చేసే మిత్రులు ఏదైనా ఫైలు బయటపెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: రచయిత ఎవరో వెల్లడైందా, ఎప్పుడు పోయారు, పుస్తకం మొదట ఎప్పుడు అచ్చయింది. జవాబు రెండో పేజీలో లేకపోతే ఆగాలి. ఫైలు పేరులో కలంపేరు, పుస్తకం పేరు, ఆ ప్రతి ముద్రణ సంవత్సరం మూడూ ఉండాలి. ‘కాలరేఖలు’ అని మాత్రమే రాస్తే శేషేంద్ర శర్మకు 1994లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చిన విమర్శ గ్రంథం ‘కాలరేఖ’ కావాల్సినవాడికి, 2004లో నవీన్‌కు అదే అవార్డు తెచ్చిన నవల చేతికొస్తుంది.

ఇంకొక హద్దు. బతికున్న రచయిత తన పేరు బయటపెట్టకపోతే మీకు తెలిసినా 400లో ఎక్కించొద్దు. ప్రభుత్వోద్యోగం వల్ల కావచ్చు, ఇంట్లోవాళ్ల వల్ల కావచ్చు, కారణం మనకు అనవసరం. రాతపూర్వకంగా అడగండి, ఒప్పుకుంటే ఆ ఉత్తరాన్ని 670లో ఆధారంగా చూపండి, లేకపోతే కలంపేరు ఒక్కదానితోనే పత్రం తెరవండి. అంతర్జాతీయంగా రచయితలకు ఇచ్చే పదహారంకెల గుర్తింపు సంఖ్య ఐఎస్ఎన్ఐ కూడా బయటి లోకానికి తెలిసిన రూపానికే ఇస్తారు. ఒకే మనిషి రెండు పేర్లకు రెండు సంఖ్యలు ఉండొచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మీ దగ్గర ఎక్కువ పుస్తకాలున్న 50 కలంపేర్లతో. ఒక్కో పత్రానికి గంట వేసుకోండి: టైటిల్ పేజీ చూడటానికి, పుట్టిన, పోయిన సంవత్సరాలు రెండు చోట్ల సరిచూడటానికి, పుస్తకాలు కలపడానికి. ఒకరు వారానికి రెండు రోజులు, రోజుకు మూడు గంటలు కూర్చుంటే 50 పత్రాలు దాదాపు రెండు నెలల పని. దిగంబర కవుల సంపుటిని మాత్రం ముందు ముట్టుకోకండి. అది ఆరుగురిది, పుస్తకం పేరుతో ఎంట్రీ చేసి ఆరుగురినీ 700లో (అదనపు పేర్ల వరసలో) చూపాలి. పైగా వాళ్లు తమదైన శకం, వారాల పేర్లు కూడా పెట్టుకున్నారు, తేదీ గడిలో చదరపు బ్రాకెట్లలో 1965 అని మీరే వేయాల్సి వస్తుంది. చేయి తిరిగాక చేయొచ్చు.

ప్రచురణకర్తలు వచ్చే ముద్రణ నుంచి రెండో పేజీలో ఈ వరసలు వేస్తే, ఒక్కోటి ఒక్క లైనే, కేటలాగు పని సగం మీ దగ్గరే అయిపోతుంది:

రచయిత (పుస్తకం మీద ఉన్నట్టు)
అసలు పేరు, రచయిత ఒప్పుకుంటేనే
జనన సంవత్సరం, మరణిస్తే ఆ సంవత్సరం
సీరియల్‌గా వచ్చి ఉంటే పత్రిక పేరు, మొదటి, చివరి సంచికల తేదీలు
ఏ ప్రచురణకర్తదైనా సరే, పుస్తకంగా తొలి ముద్రణ సంవత్సరం
ఈ ముద్రణ సంవత్సరం, ఎన్నోది
కాపీరైట్ ఎవరిది, ఏ సంవత్సరం నుంచి

ఆ పుస్తకం ప్రతులు 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మిగతా మూడు లైబ్రరీలకూ ప్రచురించిన 30 రోజుల్లో పంపాలి. చాలామంది పంపడం లేదు. పంపిన ప్రతి నుంచే జాతీయ గ్రంథసూచిలో రచయిత శీర్షిక తయారవుతుంది. అక్కడ తప్పు పడితే దాన్ని చూసి రాసుకునే లైబ్రరీలన్నిటికీ ఆ తప్పే చేరుతుంది. కట్ట కట్టేటప్పుడు రెండో పేజీ ఇంకోసారి చూసి పంపండి.

ఇట్లు,
తెలుగు పుస్తక సూచీల పనిలో ఉన్న కొందరం